కుక్కను కట్టెయ్యని మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా ఇంటి కుక్కంటే వాడకట్టంతా భయపడేది. మా నాయనకు అదో గొప్ప. గేటు దగ్గర ఎవరైనా జంకితే "రా, రా, ఏమనదు" అని నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది.

పోస్టాయన వచ్చే వేళకు కుక్కను పెరట్లో కట్టెయ్యడం నా పని. నాయనమ్మ అప్పగించింది. ఆ రోజు అచ్చనగాయల ఆటలో పడి మర్చిపోయాను. పోస్టాయన గేటు తీసి రెండడుగులు వేశాడో లేదో, కుక్క వచ్చి పిక్క పట్టుకుంది. ఖాకీ ప్యాంటు చిరిగి, రక్తం చెప్పులోకి కారింది. అంత నొప్పిలోనూ ఆయన కిందపడ్డ ఉత్తరాలు ఏరుకుంటున్నాడు.

నాయన వచ్చి కుక్కను గుంజి పట్టుకుని, ఆయన మీదే విరుచుకుపడ్డాడు. "పిలవకుండ లోపలికెందుకొచ్చినవ్? నువ్వే దాన్ని బెదిరించి ఉంటవ్!"

"తప్పయింది సారూ" అన్నాడు పోస్టాయన తల వంచుకుని.

కుక్క కరిచిన మనిషి తప్పు ఒప్పుకుంటున్నాడు! తప్పు ఎవరిదో నాకు తెలుసు. నోరు పెగల్లేదు.

ఇంతలో నాయనమ్మ సబ్బు, నీళ్ల బిందె పట్టుకొచ్చింది. ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు పోస్తూ గాయాన్ని చాలాసేపు కడిగింది. కడుగుతూనే కొడుకును నిలదీసింది. "నీకు ఉత్తరం తెచ్చిండురా, దొంగతనానికి రాలే. కుక్కను సాదేటోనికి కట్టేసుడు చేతగాదా? ఈయనకేమన్న అయితే ఈయన పిల్లలకు నువ్వు బువ్వ పెడ్తవా?"

అప్పుడు నేను ఏడుస్తూ చెప్పేశాను, కట్టెయ్యనిది నేనేనని. నాయన నా మీదికి చెయ్యెత్తాడు. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"పసిపిల్ల ఒప్పుకున్నది. నువ్వింక ఒప్పుకోలే."

నాయన చెయ్యి దించి ఆయన్ను సైకిల్ మీద సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. అప్పట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ రోజుకో సూది. అవి అయ్యేదాకా రోజూ నాయనే తీసుకుపోవాలని నాయనమ్మ తేల్చి చెప్పింది. మొదటి రోజు విసుక్కుంటూ పోయిన నాయన, మూడో రోజు అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు. "సూది గుచ్చుతుంటే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడే అమ్మా" అన్నాడు.

పోస్టాయన మళ్లీ పనిలోకి వచ్చాక మా గేటు దాకా రాలేదు. నడిరోడ్డు మీదే నిలబడి పిలిచేవాడు. నాయన ఎదురెళ్లి ఉత్తరం తీసుకునేవాడు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉంటున్నాను. మొన్న మా వీధిలో పార్సిల్ తెచ్చినాయన చెయ్యిని ఒకింటి కుక్క చీరేసింది. ఆ ఇంటావిడ పార్సిల్‌కేమైనా అయిందా అని తిప్పి తిప్పి చూసుకుంటూ, "మాది ఎన్నడు కరవలే, ఈయనే ఉరికిండు" అంటోంది. నా రక్తం ఉడికింది. నల్లా కింద ఆయన చెయ్యి కడుగుతూ అందరి ముందే అడిగాను. "కరిసింది నీ కుక్క గాదా? ఆటో పిలువు. దవాఖానకు నువ్వే తీస్కపో, సూదులు అయ్యేదాక నువ్వే తిరుగు." ఆమె మొహం మాడ్చుకుంది. అయినా ఆటో ఎక్కింది.

నా దగ్గరా ఒక కుక్క ఉంది. గేటు చప్పుడైతే ముందు దాన్ని గదిలో పెట్టి తలుపేస్తాను, ఆ తర్వాతే గడియ తీస్తాను. వచ్చినవాళ్లు "పర్లేదమ్మా" అన్నా వినను. నేను నోరు మెదపని ఆ కాసేపట్లో ఒక మనిషి తాను చెయ్యని తప్పుకు తల వంచాడు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు. వదలకూడదు కూడా.