మా అత్త విన్న ఫర్మ్‌వేరు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. టెక్కలి పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది గట్టెక్కానో లేదో, ఉద్దానంలో మా మేనత్త ఊరంతా నన్ను 'ఇంజినీరమ్మ' అనేసేవారు (నేనే అలా పిలిపించుకున్నానేమో కూడా). అందుకే అత్త రెండో కొడుకు, మా చిన్నబావ, పాతకాలం ఆటలాడుకునే తన చవక గేమ్ మిషన్ పట్టుకొచ్చి, "ఏటే ఇంజినీరమ్మా, ఇది మాటిమాటికీ బిగుసుకుపోతంది, సూడు" అనగానే, వెనకాముందూ చూడకుండా "ఫర్మ్‌వేర్ మార్చాలి బావా" అనేశాను. ఫర్మ్‌వేరంటే మిషన్ని లోపల్నుంచి నడిపే సాఫ్ట్‌వేరు; అంతవరకూ నేను మార్చింది ఫోను కవరు మాత్రమే. బావ అందులో ఒక ఆట ఆఖరి లెవెల్ దాకా వచ్చి ఉన్నాడు. "అది గాని పోయిందా, నీ పీక పిసికేత్తాను" అన్నాడు. అదెంత పని అన్నట్టు నవ్వాను.

ముందు బావ ఆటలన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ తీసి దాచాను (ఈ తెలివి అచ్చంగా నాదే, రాసుకోండి). తర్వాత మిషన్ మెమరీ కార్డులోకి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించడం మొదలెట్టాను. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు వైరు మీదే దాని ప్రాణం. అంతలో పెరట్లోంచి పెద్దబావ "ఏటి సేత్తన్నార్రా?" అని కేకేశాడు. "ఫర్మ్‌వేరు సేసేత్తన్నాం అన్నా! ఇట్టే అయిపోద్ది!" అన్నాడు చిన్నబావ.

వాకిట్లో జీడిపిక్కలు ఆరబోస్తున్న అత్త చెవిన అది "ఫారం వేరు" అని పడింది. వాళ్ళింట్లో జీడితోటని ఫారం అనే అంటారు. అంటే, అన్నదమ్ములు తోట పంచేసుకుంటున్నారని! "ఓలమ్మో! నాను బతికుండగానే ఏరు పడిపోతార్రా! జీడితోట ముక్కలు సేసేత్తార్రా!" అంటూ లోపలికొచ్చి, పంపకమంతా ఆ లాప్‌టాప్‌లోనే జరిగిపోతోందనుకుందో ఏమో, వైరు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తెర నల్లబడింది.

"సంపేసావే అమ్మా!" అని చిన్నబావ నెత్తి పట్టుకున్నాడు. అత్తకి సంగతి అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "తోట కాదా? మరి ముందే సెప్పొచ్చు కదే!" అని నన్నే కసిరి, వైరు తనే గుచ్చి, ఎవరూ తాకకుండా దాని పక్కనే కాపలా కూర్చుంది. మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాను. దాచిన ఆటలు తిరిగి సర్ది, కార్డు మిషన్లో పెట్టి, మీట నొక్కాను. తెర వెలిగింది. బావ ఆట ఆఖరి లెవెల్లో, ఆగినచోటే ఉంది. అబ్బ, ఆ గర్వం ఏమని చెప్పను! ఈరోజుకీ తగ్గలేదు.

పొద్దుగూకేలోగా అత్త వీధంతా చాటేసింది: "మా మేనకోడలు సచ్చిపోయిన మిషన్ని లేపి కూకోబెట్టింది!" మర్నాటి నుంచి మిక్సీలు, రిమోట్లు, తిరగని ఫ్యాన్లు వరస కట్టాయి. ఒక్కటీ కాదనలేదు, ఒక్కటీ బాగుచెయ్యనూ లేదు. ఇప్పుడు ఆఫీసులో ఇంతింత యంత్రాలకి ఫర్మ్‌వేర్ మారుస్తుంటాను. పనయితే "ఓకే" అని ఒక మెసేజి వస్తుంది, అంతే. అప్పుడప్పుడు ఆ ఇంజినీరమ్మని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. ఆవిడకి ఏమీ రాదు గానీ, ఆవిడ గొప్ప వినడానికి ఒక వీధి ఉండేది, చాటడానికి ఒక అత్త ఉండేది.