తెడ్డు పట్టిన రోజు

మొన్న మధ్యాహ్నం ఉరవకొండలో మా ఇంటి వరండాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తుంటే, లోపల టీవీలో ఎవరో యువకులు సరదా కోసం ఒక దీవి నుంచి ఇంకో దీవికి తెడ్లు వేసుకుంటూ పోతున్న దృశ్యం వచ్చింది. మనవరాలు కేరింతలు కొడుతూ నన్ను పిలిచింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. చెరువు నిండడమే గొప్ప వింతగా పెరిగిన ఈ అవ్వ ఒకనాడు నడిసముద్రంలో తెడ్డు వేసిందంటే ఆ పిల్ల నమ్ముతుందో లేదో గానీ, నా ఈడు వాళ్లు నమ్ముతారు. ఆ కరువులు వాళ్లూ చూసినవాళ్లే.

డెబ్బైల్లో ఒక సంవత్సరం వేసిన విత్తనం వేసినట్టే మట్టిలో మాడిపోయింది. దీవుల్లో రోడ్డు పని ఉందని ఒక మేస్త్రీ చెబితే, పెళ్లై ఏడాది తిరగని మేమిద్దరం గుత్తిలో రైలెక్కి, మద్రాసులో ఓడెక్కి, అండమాన్‌లో ఒక చిన్న దీవికి చేరాం. అన్ని నీళ్లు ఒక్కచోట చూసి మొదట నాకు కోపమే వచ్చింది, ఇందులో ఒక్క పాయ మా చేనుకు రాకపోయిందే అని. మా గుడిసె పక్కనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి దంపతులు ఉండేవారు. ఆమెను అక్కా అన్నాను, ఆయన బావ అయ్యాడు. నేను ‘యాడికి’ అంటే అక్క నవ్వేది, ఆమె ‘ఏటి’ అంటే నేను నవ్వేదాన్ని.

వానాకాలం ముగిసే రోజుల్లో మా ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. రెండోనాటికి ఒళ్లు పెనంలా కాలింది. ఇది కోత పెట్టాల్సిన జబ్బు, వెంటనే పెద్ద దీవి ఆసుపత్రికి చేర్చకపోతే దక్కడని కాంపౌండరు చెప్పాడు. ఆ వారం రావలసిన స్టీమరు అప్పటికే వచ్చిపోయింది, ఉన్న ఒక్క ఇంజను పడవా చెడిపోయి ఒడ్డున పడి ఉంది. నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియక నిలబడి ఉంటే, అక్కా బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావ వలలు దించేసి తమ పడవను నీళ్లలోకి తోశాడు.

తెల్లవారుతూనే బయలుదేరాం. మా ఆయన్ని అడుగున చాప మీద పడుకోబెట్టి ముందు వాళ్లిద్దరే తెడ్లు వేశారు. ఒడ్డు కనుమరుగయ్యాక నీటి పోటు ఎదురు తిరిగింది. ఎంత వేసినా పడవ ఉన్నచోటే ఊగుతూ, కొంచెం కొంచెంగా నురగలు కక్కుతున్న రాళ్ల వైపు జరుగుతోంది. బావ మొహంలో రంగు మారడం చూశాను. అక్క మిగిలిన తెడ్డు నా చేతికిచ్చింది.

“సేతుల్తో కాదు సెల్లీ, నడుంతో లాగాల. ఆ రాళ్లేపు సూడకు, నన్ను సూడు.”

ఆమె వీపునే చూస్తూ లాగాను. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి, ఉప్పునీళ్లు తగిలి మండాయి. ఒక పెద్ద అలకు పడవ వాలినప్పుడు మంచినీళ్ల కుండ దొర్లి పగిలింది. చెంబులో ఉన్న కొద్దిపాటి నీళ్లే మిగిలాయి. అక్క ఆ చెంబు రోగి తల దగ్గర పెట్టి, తడి వేళ్లను తన పెదవులకు అద్దుకుని మళ్లీ తెడ్డు పట్టింది. నా నాలుక పిడచగట్టుకుపోయింది. దప్పిక మా సీమ మనిషికి కొత్త కాదు గానీ, కనుచూపు మేరా నీళ్ల మధ్య దప్పిక అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

అప్పుడే మా ఆయన కళ్లు తెరిచి, పడవ అంచు మీదుగా చూసి, ఎన్నడూ చూడనంత సంతోషంగా నవ్వాడు.

“వాన పడింది సూడే! చేను నిండా నీళ్లే ఉండాయి. గట్టు తెగిపోతాండాది, పార తీస్కరా.”

లేవబోతుంటే ఒక చేత్తో ఆయన్ని అదిమిపట్టి, ఏం చెప్పాలో తోచక, “నేను మట్టి ఏస్తాండా, నువ్వు పండుకో” అన్నాను. ఆయన నమ్మి కళ్లు మూసుకున్నాడు. అక్క వెనక్కి తిరగకుండానే తెడ్డు ఇంకా బలంగా లాగింది.

ఎలా దాటామో ఇప్పటికీ సరిగా గుర్తు లేదు. పోటు తగ్గిందో, దేవుడే తోశాడో, పొద్దు వాలేసరికి ఆసుపత్రి ఉన్న ఒడ్డు తగిలింది. ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లమని డాక్టరు అన్నాడు. ఆ రాత్రే కోత పెట్టారు. మర్నాడు ఆయనకు తెలివి వచ్చిందని చెప్పడానికి రేవుకు పరుగెత్తుకొస్తే, అక్కావాళ్ల పడవ అప్పటికే వెళ్లిపోయింది. ఇంకా కదలలేని మనిషిని తిరిగి ఆ దీవికి తీసుకెళ్లలేక, గాయం మానగానే అటునుంచి అటే మద్రాసు ఓడ ఎక్కాం. మా ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, పిల్లల పెళ్లిళ్లు చూశాడు. మొన్నమొన్ననే కాలం చేశాడు.

ఎనభైల్లో మా వైపు మనిషి ఒకతను ఆ దీవులకు పనికి పోతుంటే, వాళ్లను వెతికి మేం బాగున్నామని చెప్పమన్నాను. “పేరేమి చెప్పల్లమ్మా?” అన్నాడు. నాకు తెలిసింది అక్క, బావ, అంతే. అంతకు మించి అడగాలని అప్పట్లో నాకు తోచనే లేదు.

ఇప్పుడు గడప ఎక్కిన మనిషికి మంచినీళ్లిచ్చే ముందే పేరు, ఊరు, ఫోను నంబరు అడుగుతున్నాం. పేరు తెలిస్తే ఎక్కడున్న మనిషినైనా ఫోనులో వెతికి పట్టుకోవచ్చట, మనవరాలు అంటుంది. నిజమే కావచ్చు. కానీ ప్రాణాలకు తెగించి మమ్మల్ని సముద్రం దాటించిన ఆ అక్కా బావా, ఏనాడూ నా పేరు కూడా అడగలేదు.