గోనెగండ్ల శనగచేలో పాలపిట్ట

ఆదోనిలో నాకు టార్పాలిన్ల దుకాణం ఉంది, పిట్టల పిచ్చీ ఉంది. ఈ ప్రయాణం ఆ పిచ్చి వల్లే. శనగచేలో అక్కడక్కడా పంగల కర్రలు నాటితే పాలపిట్టలు వాలి పచ్చపురుగును ఏరుకు తింటాయని గోనెగండ్ల రైతు రంగన్నకు చెప్పాను. శనివారం ఫోన్ చేశాడు.

"కర్రలు నాటినా గానీ ఒక్క పిట్టా రాల్యా బాషన్నా. పురుగు మాత్రం వచ్చింది. రేపంతా సూస్తా, ఎల్లుండి మందు కొట్టేస్తా."

మందు కొడితే ఆ పురుగును తిన్న పిట్టలకూ చేటే. ఇక దుకాణంలో కూర్చోబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఇటు వచ్చేవాళ్లు ఉగ్గాని తినకుండా బస్సెక్కవద్దు. దారిలో కాలువ పక్క తీగ మీద నీలం మెరిసింది. అప్పటికే నా పిట్టల గోలంతా విన్న పక్క సీటు పెద్దాయన, ఆస్పరి ఊరాయన, మోచేత్తో నన్ను పొడిచాడు.

"అదో, నీ పాలపిట్ట!"

"అది లకుముకి, పెద్దాయనా. ఎర్రముక్కు, తెల్లరొమ్ము సూడు. పాలపిట్ట కూసుంటే మట్టిరంగే, రెక్క ఇప్పితేనే నీలం."

"మా వియ్యపురాలి మాదిరి. నోరు ఇప్పేదాకా తెలీదు," అన్నాడు. ముందు సీటువాళ్లు కూడా నవ్వారు.

ఎమ్మిగనూరులో టీ తాగి గోనెగండ్ల బస్సు పట్టుకున్నాను. దిగగానే రంగన్న బండి మీద చేను దగ్గరికి తీసుకుపోయాడు. చూడగానే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కర్రలు చక్కగా నాటాడు. వాటి నడుమ నిలువెత్తు దిష్టిబొమ్మ! కుండ తల, ఎర్రచొక్కా, చేతులకు గాలికి తళతళలాడే మెరుపు కాగితాలు. పిలిచేదీ ఈయనే, తరిమేదీ ఈయనే.

"ఇది ఉంటే పిట్టలు యాడ వస్తాయప్పా?"

"అది పిట్టలకు కాదు కదన్నా, దిష్టికి పెట్టినా!" అన్నాడు రంగన్న అమాయకంగా.

తీసేద్దామంటే ఆయన భార్య ఈరమ్మ అడ్డం వచ్చింది. "రోడ్డున పోయేటోళ్ల కండ్లన్నీ మా చేని మీదనే. తీసేది ల్యా."

"దిష్టి రోడ్డు మీంచే కదమ్మా వచ్చేది? బొమ్మను రోడ్డు గట్టున నిలబెడితే ఆడనే ఆగిపోతాది."

ఈరమ్మ తనే దాన్ని పెరికి రోడ్డు గట్టున పాతింది.

వేపచెట్టు కింద జొన్నరొట్టె, పప్పు తిని కాచుకున్నాం. మధ్యాహ్నం దాటినా ఏదీ రాలేదు. రంగన్న మందు డబ్బా వైపు చూసినప్పుడల్లా ఇంకాసేపు ఆగమన్నాను. నాలుగు గంటలప్పుడు ఒక మట్టిరంగు పిట్ట కర్ర మీద వాలింది.

"దీని కోసమా ఇంత దూరం వచ్చినావు?" అంది ఈరమ్మ.

అంతలో అది కిందికి దూకింది. రెక్కలు విప్పగానే నీలమే నీలం! నాకు అరవాలనిపించింది, రంగన్న నిజంగానే అరిచాడు. అదృష్టం, పిట్ట బెదరలేదు. పురుగును పట్టుకొచ్చి కర్రకేసి బాది మింగింది. నేను సెల్లులో ఫోటో తీస్తుండగానే రెండోది వచ్చింది.

"రేపు మందు కొట్టేది ల్యాదులే అన్నా. ఈటికే వదిలేస్తా," అన్నాడు రంగన్న. ఆయన్ను గట్టిగా వాటేసుకున్నాను.

తిరుగు బస్సులో సంతోషం పట్టలేకపోయాను. ఇన్నేళ్లుగా పిట్టల వెంట తిరుగుతున్నాను గానీ, ఒక పిట్ట కోసం ముగ్గురం కలిసి ఊపిరి బిగబట్టడం ఇదే మొదలు. మీరూ చలికాలంలో ఇటు రండి. తీగ మీది మట్టిరంగు పిట్టను తీసిపారేయకుండా, అది ఎగిరేదాకా ఆగండి.

ఎమ్మిగనూరు దాటాక ఫోన్ మోగింది. ఈరమ్మ.

"అన్నా, ఆ పిట్ట ఫోటో ఎవురికీ సూపించద్దప్పా. నా పిట్టకు దిష్టి తగుల్తాది."

అప్పటికే ఆ ఫోటో కోసం నా సెల్లు చేతులు మారుతూ డ్రైవరు వెనక సీటు దాకా పోయింది. మోగుతుంటే వాళ్లే వెనక్కి అందించారు.