గని నీళ్లు తోడిన ముత్యాలప్ప

మా వీధి చివర ముగ్గురాయి గని నడిచినన్నాళ్లూ ముత్యాలప్ప పని ఒక్కటే: గుంతలో ఊరే నీళ్లను ఇంజన్ పెట్టి బయటికి తోడిపోయడం. నీళ్లు నిలిస్తే రాయి తవ్వడం కుదరదు. ఇంజన్ గొంతు కాస్త మారితే చాలు, తింటున్న సంగటి ముద్ద వదిలేసి పరుగెత్తేవాడు.

వానలు మొహం చాటేసే మా సీమలో ఊరికే పారే నీళ్లను చూస్తే ఎవరికి ప్రాణం లేచిరాదు? ఇంజన్ తోడిన నీళ్లు పారే కాలువ పొడుగునా బండలు వేసుకుని బట్టలు ఉతికేవాళ్లం. బట్టలకంటే మాటలే ఎక్కువ ఉతికేవాళ్లం అనుకోండి. ఎవరి కోడలు అలిగిందో, ఎవరింట్లో కోడి కోశారో నాకు తెలిసేది అక్కడే. మా వీధి పెద్దామె దాదాబీ ఆ కాలువ గట్టున గోంగూర వేసి వీధంతా పంచేది. ఆయుధపూజ నాడు ఇంజన్‌కు పసుపు పూసి బొట్లు పెట్టేవాళ్లం. ముత్యాలప్ప కొత్త తలగుడ్డ చుట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలా దాని పక్కన నిలబడేవాడు.

ఆ కాలంలోనే మా బావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. కరువు కదా అనుకున్నాం.

గని మూతపడి చాలా ఏళ్లయింది. తవ్విపోసిన గుట్టల మీద కంపచెట్లు తప్ప ఏదీ మొలవదు. గాలి లేస్తే తెల్లదుమ్ము వచ్చి ఆరబెట్టిన వడియాల మీద కూర్చుంటుంది. గుంత మాత్రం నీళ్లతో నిండుగా ఉంది. నిలకడైన పని దొరకక ముత్యాలప్ప గొర్రెలు కాస్తూ, సాయంత్రాలు తుప్పుపట్టిన ఇంజన్ పక్కన కూర్చుని బీడీ కాల్చుకునేవాడు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే ఒక కాంట్రాక్టరు కారు దిగాడు. గుంత అడుగున ఇంకా రాయి ఉందట.

"అన్నా, కొత్త మోటరు తెస్తా. నెల జీతం ఇస్తా. నువ్వు నీళ్లు తోడిస్తే చాలు."

మళ్లీ కాలువ పారుతుందని నాకు సంబరం ఆగలేదు. ముత్యాలప్ప మాత్రం "రేపు చెప్తా" అన్నాడు. ఆ మాట విన్నాక నేను ఊరుకుంటానా? వెంటపడ్డాను.

"ఏమప్పా, వెతుక్కుంటా పని వస్తే ఆ మొగమేంది?"

"రాక్కా, ఒకటి చూపిస్తా."

తీసుకుపోయి హేమావతి బావి దగ్గర నిలబెట్టాడు. మొగుడు పోయాక హేమావతి ఆ బావి కింద మల్బరీ పెంచి, పట్టుపురుగులు మేపి ఇల్లు నడుపుతోంది.

"గని ఆడినప్పుడు ఈడ నీళ్లుండెనా?"

"యాడివి? అడుగు బండ కనిపిస్తాండె."

"మరి ఇప్పుడెవురు పోసినారు? వానలు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ గుంతా ఈ బావీ ఒకే ఊట మీద ఉండాయి. నేను ఆడ తోడితే ఈడ ఎండింది. మీరేమో ఇంజన్‌కు బొట్లు పెడితిరి!"

వంగి బావిలోకి చూశాను, నీళ్లు చేతికందేలా ఉన్నాయి. అంతలో ఆకు మోపు ఎత్తుకుని హేమావతి వచ్చింది.

"మామా, మళ్లా పని దొరికిందంటనే! ఇంగ గొర్రెల ఎనకాల తిరిగేది తప్పింది పో."

ముత్యాలప్ప ఆమె మొహంకేసి చూడలేకపోయాడు.

మర్నాడు కాంట్రాక్టరు వచ్చేసరికి వీధంతా గుంత దగ్గరే ఉంది. నేనే అందరికీ చెప్పాను. తెలిసిన సంగతి నా కడుపులో దాగదు.

"నాతో కాదు సామీ. నేను నడపను," అన్నాడు ముత్యాలప్ప.

"నువ్వు కాకుంటే ఇంకొకడు. దుడ్లిస్తే మనుషులకు కరువా?"

"ఆ ఇంకొకడు ఎట్ల దిగుతాడో నేనూ చూస్తా," అంటూ దాదాబీ దారికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. పక్కన హేమావతి, ఆ పక్కన నేను.

"ఏమమ్మా, ఎంతసేపు కూర్చుంటారు?"

"నాకు లేచేదే కష్టం నాయనా, కూర్చునేది కాదు," అంది దాదాబీ.

మధ్యాహ్నం దాకా చూసి కారు వెనక్కి తిరిగింది. ముత్యాలప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"హేమా, బావికాడ తొట్టి నింపిపెట్టు. గొర్రెల్ని నీళ్లకు తోలుకొస్తా."