నాకు లేవని కొండ

మొన్న ఉదయం టాటానగర్‌లో, కద్మాలోని మా డాబా మీద మా ఆవిడ బట్టలు ఆరేస్తుండగా, తుమ్మెద రొదలాంటి చప్పుడుతో ఒక డ్రోన్ మా వరస ఇళ్ళ మీదుగా వెళ్ళి, మళ్ళీ తిరిగివచ్చి, మా నీళ్ళ ట్యాంకును పరామర్శించినట్టు కాసేపు ఆగి వెళ్ళిపోయింది. ఆవిడ తీగ మీది బట్టలన్నీ గబగబా లాక్కుని ఆకాశాన్ని తిట్టుకుంటూ దిగిపోయింది గానీ, నేను చెప్పులు వేసుకుని వీధి మొగకి వెళ్ళాను. భూమి కొలతలకు వచ్చిన ఇద్దరు యువకులు స్కూటర్ సీటు మీద పలక లాంటి తెర పెట్టుకుని నిలబడి ఉన్నారు. ముసలాయన ముచ్చటపడుతున్నాడనుకున్నారేమో, ముందు మా వీధిని, తర్వాత ఇంకెక్కడో తీసిన ఒక కొండను తెర మీదికి తెచ్చి ఒక్క వేలితో అటూ ఇటూ తిప్పి చూపించారు. నేను అడగ్గానే అలా తిరిగే ఆ కొండను నా ఫోనులోకీ ఎక్కించారు. నిజానికి నాకు ముచ్చట వెయ్యలేదు. ఎప్పుడో చల్లారిందనుకున్న ఒక అసూయ, నివురు కింద నిప్పులా, కడుపులో అక్కడే ఉందని తెలిసింది.

డెబ్బయ్యో దశకం చివర నేను బిష్టుపూర్‌లో ఒక బట్టల దుకాణం మేడ మీదున్న చిన్న సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. యజమాని బెంగాలీ, అందరికీ దాదా. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు కార్ఖానాలోనో రైల్వేలోనో చేరేవారు కనుక, గీతలు గీసి బతికే నా ఉద్యోగమేమిటో టాటానగర్ రైల్వేలో పనిచేసిన మా మామగారికి పెళ్ళయిన చాన్నాళ్ళ దాకా అంతుపట్టలేదు. ట్రేసింగ్ కాగితం ఎగరకూడదని మండుటెండల్లో కూడా ఫ్యాను ఆపుకుని, చెమట అంటకుండా మణికట్టు కింద చేతిరుమాలు వేసుకుని, ఊపిరి బిగబట్టి ఇంకు గీత లాగేవాళ్ళం. తప్పు పడితే బ్లేడుతో సన్నగా గీకి, గీకిన చోటును గోటితో నునుపు చేసి మళ్ళీ గీసేవాళ్ళం. నేను ఎక్కడ గీకానో దాదా కూడా పట్టుకోలేకపోయేవాడు. ఈ మాట చదివిన నా ఈడు డ్రాఫ్ట్స్‌మన్లు ఎవరైనా ఉంటే ఓసారి మణికట్టు తడుముకుంటారు.

మా మరదలిని చేసుకున్న తోడల్లుణ్ణి ఆ ఆఫీసులో గొలుసు పట్టి భూమి కొలిచే పనిలో పెట్టించింది నేనే. వయసులో నాకంటే చిన్న. నోరు మంచిది, నవ్వు మంచిది. ఇంకాస్త చెడ్డవాడై ఉంటే నా బాధ తేలికయ్యేదని చాలాసార్లు అనుకున్నాను.

ఒకనాడు ఆఫీసుకు విమానం నుంచి తీసిన ఫోటోలు వచ్చాయి. అప్పట్లో అవి సర్కారు అనుమతి మీద మాత్రమే దొరికేవి, సాయంత్రమయ్యేసరికి బీరువాలోకి వెళ్ళిపోయేవి. వాటితోపాటు స్టీరియోస్కోపు అని, నాలుగు కాళ్ళ మీద నిలబడే రెండు అద్దాల పరికరం ఒకటి వచ్చింది. ఒకే చోటును కాస్త ఎడంగా రెండు చోట్ల నుంచి తీసిన రెండు ఫోటోలను దాని కింద పక్కపక్కన సర్ది చూస్తే, రెండు బొమ్మలూ ఒకటైపోయి, కాగితం మీద చదునుగా పడున్న కొండ నిలువునా పైకి లేస్తుంది. లేచినప్పుడు, చూస్తున్నవాడు తనకు తెలియకుండానే చెయ్యి చాపి గాలిలో దాన్ని ముట్టుకోబోతాడు. దాదా చాపాడు. టీ తెచ్చే ఆయన కూడా చాపాడు. నా తోడల్లుడైతే చూపుడువేలు గాలిలో అలాగే ఉంచి, మైమరచి, కొండ అంచు వెంట నడిపించాడు. నా వంతు వచ్చింది.

“ఏటన్నియ్యా, లెగిసిందా?” అన్నాడు తోడల్లుడు.

“ఏదీ లెగనేదు. రెండు కాగితాలే కనపడతన్నాయి.”

“కళ్ళు బిగబట్టకు. దూరంగా రైలొత్తందేమో అని సూసినట్టు సూడు.”

“ఉఠా క్యా, బాబూ?” లేచిందా అని దాదా కూడా వెనక నుంచి అడిగాడు.

“మా అన్నియ్య కొండ సోతా హై, దాదా. పడుకునుంది, నైట్ డ్యూటీ సేసొచ్చినట్టుంది!”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బా పక్కన పెట్టి ఒంటరిగా ఎంత చూసినా అది నాకు లేవలేదు. చివరికి సాక్చీలో కళ్ళ డాక్టరు చూసి, చిన్నప్పటి నుంచీ నా ఎడమ కన్ను బద్ధకించిందనీ, రెండు కళ్ళూ జంటగా పనిచెయ్యవనీ, ఈ వయసులో చేసేదేమీ లేదనీ చెప్పి, చదవడానికీ గీయడానికీ ఏ ఇబ్బందీ ఉండదు కదా అని ఓదార్చాడు.

గొలుసు పట్టే తోడల్లుడు అలా కిటికీ పక్కన స్టీరియోస్కోపు బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అతను చూసి, ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టేవాడు, నేను దాని మీద ఇంకు గీసేవాణ్ణి. నేను గీసిన కొండలన్నీ నాకు చెప్పుడు మాటలే.

మా అత్తవారింట్లో ఆదివారం చేపల పులుసులో తలకాయ పెద్దల్లుడిది, అది ఆనవాయితీ. ఒక ఆదివారం మామగారు వడ్డిస్తున్న అత్తగారిని ఆపారు. “పెద్దల్లుడు గీత్తాడు, సిన్నల్లుడు సూత్తాడు. సూసినోడు సెప్తేనే గదా గీసినోడు గీసేది! కళ్ళున్న ముక్క కళ్ళున్నోడికే ఎయ్యాల.”

“నాకెందుకు మావా, అన్నియ్యకే ఎయ్యండి,” అన్నాడు తోడల్లుడు. అది మరీ భరించలేకపోయాను. తలకాయ మాత్రం అతని కంచంలోనే పడింది. మా ఆవిడ నా కంచం వైపు చూడకుండా మజ్జిగ కలుపుకుంది.

ఎనభయ్యో దశకం చివర కంప్యూటరు వస్తోందనీ, దానితో పటాలు గీయడం నేర్చుకోవడానికి ఒకరిని కలకత్తా పంపుతాననీ దాదా ప్రకటించాడు. చదునైన తెర, దాని మీద గీతలు, లేవాల్సిన కొండలు లేవు. ఇది నాదే అనుకున్నాను. ఇది కూడా అతనికే పోతే ఆ ఆఫీసులో, ఆ పులుసు ముందర, ఇంక ఎప్పటికీ వినికిడి మీద బతకాల్సినవాణ్ణే.

సరిగ్గా అప్పుడే తోడల్లుడు జ్వరంతో పనిలోకి వచ్చి, ఒక గని ఫోటోలను కుడిది ఎడమకీ ఎడమది కుడికీ సర్దాడు. అలా తారుమారైతే ఎత్తు పల్లంగా, పల్లం ఎత్తుగా కనిపిస్తాయి. మామూలు ఊరైతే ఇళ్ళు గోతుల్లో దిగబడి కనపడి వెంటనే తెలిసిపోయేదే, కానీ గనిలో గొయ్యీ, తవ్విపోసిన మట్టి గుట్టా ఒకే పోలికలో ఉంటాయి. నేను ఇంకు గీస్తూ గీస్తూ ఒక చోట ఆగాను. నా గీతల ప్రకారం గుట్ట నెత్తి మీద చెరువు నిలిచింది. ఆ మాట అందరూ వినేలాగే చెప్పానని ఇక్కడ దాచక్కర్లేదు. దాదా అద్దాల్లోంచి చూసి, తల ఊపి, నా భుజం తట్టాడు. కలకత్తాకు నన్నే పంపాడు.

తోడల్లుడు చిన్నబోయి ఉంటే బాగుండేది. టీ దగ్గర నవ్వుతూ చెప్పాడు. “ఏటి సెప్పమంటావన్నియ్యా, ఆ నీళ్ళు ఆకాశంలో అద్దంలాగ నిలబడిపోనాయి. తప్పని తెలిత్తే ఇంకాస్సేపు సూసుందును.”

అతని తప్పును కూడా నేను చూడలేను కదా అనిపించింది.

కలకత్తా నుంచి తిరిగి వచ్చాక, చెప్పులు బయట విడిచి వెళ్ళే చల్లటి అద్దాల కంప్యూటరు గది నాదైంది. గీత తప్పితే ఒక మీట నొక్కితే చాలు, బ్లేడు లేదు, గోరు లేదు. నా గీతా నిన్న చేరినవాడి గీతా ఒక్కలాగే వచ్చేవి. చేప తలకాయ నా కంచంలోకి తిరిగివచ్చింది, మామగారు ఇరుగుపొరుగుకు “మిషనల్లుడు” అని చెప్పుకున్నారు. నేను మాత్రం అద్దంలోంచి కిటికీ వైపే చూసేవాణ్ణి. అక్కడ తోడల్లుడు వంగి కూర్చుని, అప్పుడప్పుడు కుడి చెయ్యి కాస్త పైకెత్తి, ఎదురుగా ఏమీ లేని చోట ఏదో నిమిరేవాడు.

డ్రోన్ వచ్చిన రోజు సాయంత్రమే అతను ఊళ్ళోనే ఉన్న భాలుబాసా నుంచి మా ఇంటికి వచ్చాడు. మోకాళ్ళు పట్టేసి ఆటో దిగడానికే సతమతమవుతున్నాడు. ఫోను అతని చేతికిచ్చి, చూశావా, ఇప్పుడు ఎవడికైనా కనపడుతుంది, నీ కళ్ళూ అక్కర్లేదు నా చెయ్యీ అక్కర్లేదు అన్నాను. నా గొంతులో సంతోషం అతను పోల్చుకునే ఉంటాడు. కళ్ళజోడు సర్దుకుని, కొండను ఓ పక్కకు తిప్పాడు, ఇంకో పక్కకు తిప్పాడు.

“బాగానే తిరగతంది,” అన్నాడు. “లెగనేదన్నియ్యా.”

అని ఫోను నాకు తిరిగిచ్చి, మా ఆవిడ తెచ్చిన టీ అందుకున్నాడు. ఒక్క క్షణం అతని చూపుడువేలు గ్లాసు మీంచి పైకి లేచి, గాలిలో చిన్న వంపు తిరిగి, మళ్ళీ గ్లాసు మీద వాలింది.

ఇప్పుడు అందరూ అన్నీ చూస్తున్నారు. మా ట్యాంకు చూశారు, మా తీగ మీది చీరలు చూశారు, ఆ కొండను కావలసినన్ని సార్లు తిప్పారు. కానీ వీధి మొగలో ఆ తెర ముందు ఎవరూ చెయ్యి చాపలేదు. ఏదో పోయింది. ఏం పోయిందో అతనికి తెలుసు. ఉన్నప్పుడు చూడలేకపోయినవాణ్ణి, పోయాక దిగులు పడదామన్నా నా దగ్గర ఏమీ లేదు. ఆ దిగులు కూడా అతనికే దక్కింది.