నా ఎదురుగానే ఫోన్ చేసిన అత్తయ్య

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసింది. "బావా, అమ్మ లేవట్లేదని రూమ్‌లోకి వెళ్లాను..." అని ఆగిపోయింది. ఇక్కడే, అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. ఆ తర్వాతి మాట తెలుగులో దొరకలేదో, చెప్పలేకపోయిందో, నాకు మాత్రం అర్థమైంది. ఆఫీస్ పార్కింగ్‌లోంచే కారు వెనక్కి తిప్పి వాళ్లింటికి బయల్దేరాను.

అత్తయ్య గుడివాడ నుంచి ఈ ఇండియానా రాష్ట్రానికి వచ్చి ఇరవై రెండేళ్లు స్కూల్ బస్సు నడిపింది. ట్రిప్పు అయ్యాక చివరి సీటు దాకా నడిచి, ఒక్కో సీటు కిందా వంగి చూసేది. "నిద్రపోయిన పిల్ల ఒక్కతి బస్సులో మిగిలినా అది నా తప్పేరా" అనేది. తన కారులో ఎవరైనా ఎక్కితే ముందు పాటలు ఆపేసేది. మనిషి పక్కనుంటే మనిషినే వినాలట.

2009లో నా ఉద్యోగం పోయింది. ఆ వేసవిలోనే నా భార్యా నేనూ విడిపోయాం. అప్పుడొక పిస్టల్ కొన్నాను. ఒంటరిగా ఉంటున్నాను కదా, జాగ్రత్త కోసం అని అందరికీ చెప్పాను. అది అబద్ధమని నాకు తెలుసు.

అక్టోబరులో ఒక రోజు పొద్దుటి ట్రిప్పు ముగించుకుని అత్తయ్య మా ఇంటికి వచ్చింది. నా కెమెరా, వెట్ గ్రైండర్ అట్టపెట్టెల్లో సర్ది ఉంచాను.

"ఇవి నువ్వు తీసుకెళ్లు అత్తయ్యా. నాకిక అక్కర్లేదు."

ఆమె పెట్టెల వంకా నా వంకా చూసింది. గొంతు పెంచకుండా అడిగింది. "చచ్చిపోదామనుకుంటున్నావా నాన్నా?"

అంతవరకూ నన్నెవరూ అలా అడగలేదు.

"ఆ గన్ నాకివ్వు."

"ఇవ్వను."

"అయితే పోలీసులకి ఫోన్ చేస్తున్నాను. నీ వెనకాల చెయ్యను. నీ ఎదురుగానే చేస్తున్నాను" అని మెట్ల మీద కూర్చుని నంబరు నొక్కింది.

ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ప్రాణాపాయం ఉందనుకుంటే తుపాకీని పోలీసులు తీసుకుని కొంతకాలం తమ దగ్గర ఉంచుకునే చట్టం మా రాష్ట్రంలో ఉందని మర్యాదగానే చెప్పారు. దాన్ని తీసుకుని రసీదు ఇచ్చారు, నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. నేను ఏ నేరమూ చేయలేదు. అయినా పక్కింటివాళ్లు చూస్తుండగా పోలీసు కారెక్కిన సిగ్గు నన్ను చాలా కాలం వదల్లేదు.

రెండు వారాల్లో కోర్టులో విచారణ జరిగింది. అత్తయ్య డ్రైవర్ల జాకెట్‌తోనే వచ్చింది. మధ్యాహ్నం మళ్లీ బస్సు ఎక్కాలి. జడ్జి అడిగినప్పుడు తనకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆ మాటలు నాకు మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి: "వీడు నా తమ్ముడి కొడుకు. నా మీద కోప్పడతాడు, కోప్పడనివ్వండి. కోప్పడటానికైనా వీడుండాలి కదా."

తుపాకీ పోలీసుల దగ్గరే ఉండాలని జడ్జి ఆదేశించాడు. ఆరు నెలలయ్యాక తిరిగి ఇమ్మని నేను అడగవచ్చు.

బయట వరండాలో, "ఇవాళ్టి నుంచి నాకు అత్తయ్య లేదు" అన్నాను.

"సరే. మందులు మాత్రం మానకు" అంది.

మేం వెళ్లే గుడిలో జనం ఆమెనే తప్పుపట్టారు. సొంత మేనల్లుడి మీదికి పోలీసుల్ని పంపిందన్నారు. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. నా అవస్థ నలుగురిలో చెప్పాల్సి వస్తుందని తన మీదే మాట పడనిచ్చింది. రోజూ మధ్యాహ్నం నాకు ఫోన్ చేసేది. నేను ఎత్తేవాణ్ణి కాదు. ఆమె వదిలిన మెసేజ్‌లు వినకుండానే చెరిపేశాను. వాటిలో ఏం చెప్పిందో ఇక ఎప్పటికీ తెలియదు.

ఫిబ్రవరిలో పెద్ద మంచు పడి స్కూళ్లు మూసేశారు. కిటికీలోంచి చూస్తే మా డ్రైవ్‌వేలో అత్తయ్య పార పట్టుకుని మంచు తోస్తోంది. బెల్ కొట్టలేదు. నాలుగు పారలు తోయడం, నడుం పట్టుకుని నిలబడటం. చెప్పులతోనే బయటికి వెళ్లి పార అందుకున్నాను.

"నీకు నడుం నొప్పి కదా."

"ఉంది. నువ్వెప్పుడు వస్తావా అని చూస్తున్నాను" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా చెప్పుల వైపు చూసి, "ముందు బూట్లేసుకుని రా" అంది.

ఆరు నెలలు దాటాక, "వెళ్లి తుపాకీ తిరిగి ఇమ్మని అడగనా?" అన్నాను, ఆమె ఏమంటుందో చూద్దామని.

"అడిగే హక్కు నీకుంది. వెళ్లే ముందు ఒకసారి నాకు చెప్పు, చాలు."

నేను వెళ్లలేదు. డాక్టరు, మందులు, కొత్త ఉద్యోగం, గడిచిన కాలం, అన్నీ కలిసి నన్ను నిలబెట్టాయి. అవి పనిచేసేదాకా నన్ను ఆపింది మాత్రం అత్తయ్య చేసిన ఆ ఒక్క ఫోన్. ఈ మాట ఆమెతో సరిగ్గా అనలేదు. ఒకసారి మొదలుపెట్టబోతే, "కూర మాడుతోంది, చూడు" అంది.

శనివారం అంత్యక్రియలకి ఫ్యునరల్ హోమ్‌లో అత్తయ్య ఉన్న పెట్టె మోయడానికి ఆరుగురు కావాలన్నారు. ఐదుగురు ముందుకొచ్చారు. అత్తయ్య కూతురు నా మోచెయ్యి పట్టుకుని తలవైపు నిలబెట్టింది. ఇత్తడి పిడి చల్లగా ఉంది. ఒక్కసారిగా ఎత్తాం. అత్తయ్య ఇంత తేలికగా ఉంటుందని నేననుకోలేదు. తలుపు దాకా పదిహేను అడుగులు ఉంటాయేమో, ఎక్కడ తడబడతానోనని కింద చూసుకుంటూ, మెల్లగా నడిచాను.