స్వామివారు వదిలిపోయిన మురుగు బోదె

మా స్వామివారు సన్యసించకముందు బందరు కాలేజీలో తర్కం చెప్పేవారు. విద్యార్థుల్ని చూశాకే వైరాగ్యం కలిగిందనేవారు. తరవాత దివిసీమలో ఒక తాటాకు పాకలో కూర్చుని, వచ్చినవాళ్ళకు అద్వైతం చెప్పారు. మహిమలు లేవు. విభూతి కూడా ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాల్సిందే.

తొంభైల్లో ముదినేపల్లి చుట్టూ వరిచేలు చేపల చెరువులైపోతున్నాయి. మా పొలానికి మూడు పక్కలా చెరువులొచ్చాయి. వాటి ఊటకు మా వరి నిలువునా కుళ్ళిపోయేది. నాన్న కూడా చెరువు తవ్వాలి, లేదా పొలం వదులుకోవాలి. కానీ ఆయన స్వామివారి శిష్యుడు. జీవహింస ఎలా?

నాలుగో పక్క చేను మావయ్యది. అమ్మకు వరసకు అన్న, ఎర్రజెండా మనిషి. ఇంకా వరే వేసేవాడు.

"ఏం బావా, చేపలక్కూడా మోక్షం ఇప్పిస్తాడా మీ స్వామి?" అనేవాడు గట్టు మీంచి.

నాన్న తేల్చుకుందామని దివిసీమ బయల్దేరారు. పళ్ళ సంచీ మొయ్యడానికి డిగ్రీ చదువుతున్న నన్ను వెంటబెట్టుకున్నారు.

పాకలో సగం మంది సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళే. వాళ్ళ మధ్య కూర్చుని నాన్న, "చేపల్ని చంపి బతకడం పాపం కదా స్వామీ?" అని అడిగేశారు. పాకంతా ఇటు తిరిగింది. నేను పళ్ళ సంచీని శ్రద్ధగా పరిశీలించాను.

స్వామివారు నవ్వలేదు. "వరికి పురుగుమందు కొట్టేముందు ఎప్పుడూ నన్నడగలేదేం?"

మళ్ళీ స్వామివారే అందుకున్నారు.

"నువ్వు వేరు, పక్కవాడు వేరు కాదనే కదయ్యా ఇన్నేళ్ళుగా చెప్తున్నాను. నువ్వు తవ్వితే ఆ ఊట ఎవరి చేలోకి పోతుంది?"

"మా బావ చేలోకండి. ఆయన స్వాముల్ని తిడతాడండి."

"తిట్టనీ. ఆయన వరి తిట్టలేదుగా. దాన్ని బతకనిచ్చి తవ్వుకో."

నాన్న చెరువు తవ్వించారు. మావయ్య చేనుకీ మా గట్టుకీ మధ్య మా నేలే వదిలి, లోతుగా మురుగు బోదె కొట్టించారు. ఊటంతా అందులోకి దిగి కాలవలో కలిసేది. బంగారంలాంటి నేల బోదెపాలు చేశాడని ఊళ్ళో నవ్వారు. వేదాంతం ముదిరితే అంతేనట. మావయ్య మాత్రం గట్టు మీంచి ఏమీ అనలేదు. ఆ ఏడు ఆయన వరి నిలబడింది. స్వామివారు చెప్పిన అద్వైతం నాకు పాకలో కన్నా ఆ బోదె దగ్గరే కాస్త అర్థమైంది.

కొన్నేళ్ళకు స్వామివారు పోయారు. సమాధి కట్టొద్దని ముందే చెప్పారు కాబట్టి, శిష్యులు పాలరాయి రంగు గురించి మాత్రమే పోట్లాడుకుంటున్నారు. ఆఖరిచూపుకి మేం బయల్దేరితే మావయ్య కూడా బస్సెక్కాడు. అవనిగడ్డలో పనుందన్నాడు. ఆ పని మా వెనకాలే పాకదాకా వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు విప్పి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. దణ్ణం పెట్టలేదు.

తిరుగు బస్సులో పామర్రు దాటాక అడిగాను. "చెప్పులెందుకు విప్పావు మావయ్యా?"

"బురదరా. పాడైపోతాయని."

అది మే నెల. రోడ్డు పక్కన నేలంతా నెర్రెలిచ్చి ఉంది.